340 గదుల ఇల్లు

పిల్లలూ, మీ ఇంట్లో ఎన్ని గదులున్నాయి? రెండా, మూడా? మా చిన్నప్పటి ఇంట్లో ఒక వంటగది, ఒక పడకగది, ముందు ఒక వసారా ఉండేవి. వాన వచ్చిందంటే మేమూ, మా ఆవుదూడా, ఇరుగుపొరుగువాళ్ళ కోళ్ళూ అందరమూ ఆ వసారాలోనే. ఇప్పుడు నేను మీకు 340 గదులున్న ఒక ఇంటి సంగతి చెప్పబోతున్నాను. అది మన రాష్ట్రపతి కాపురముండే ఇల్లు. ఢిల్లీలో ఉంది. ఆ ఇంటికి నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి నాకు పదేళ్ళు. రెండవసారి డెబ్బై.

మొదటిసారి వెళ్ళింది 1964 ఫిబ్రవరిలో. ఢిల్లీలో గుమాస్తాగా ఉన్న మా బాబాయికి కొడుకు పుట్టాడని నాన్నగారు నన్ను బడి మానిపించి తీసుకువెళ్ళారు. బెజవాడలో గ్రాండ్ ట్రంకు ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. నాన్నమ్మ కట్టి ఇచ్చిన జంతికలు దారిలోనే అయిపోయాయి. ఢిల్లీ చలికి నా పళ్ళు టకటకలాడాయి.

రాష్ట్రపతి భవనం వెనక గొప్ప పూలతోట ఉంది. దానిని ఏటా, పూలు విరగబూసే రోజుల్లో, ప్రజలందరూ చూడటానికి తెరుస్తారు. మొదటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్‌గారు పెట్టిన ఆచారమది. బాబాయి మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళాడు. నాన్నగారు గేటుదాకా వచ్చి ఆగిపోయారు.

“మీరు చూసి రండి. నేనీ చెట్టుకింద కూర్చుంటాను,” అన్నారు.

“అదేమిటన్నయ్యా! ఇంతదూరం వచ్చి! లోపల ఉన్నది మన తెలుగువాడే. సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు. నీలాగా బడిపంతులే,” అని బాబాయి బతిమాలాడు.

“ఆ పంతులంటే నాకు ఎంతో గౌరవం. నా పేచీ ఇంటితో,” అన్నారు నాన్నగారు. అని, పైపంచె పరచుకొని వేపచెట్టు కింద కూర్చున్నారు.

నేను లోపలికి వెళ్ళి చూశాను. బారులు తీర్చిన గులాబీలు, అడ్డంగా నిలువుగా పారే కాలువలు, తామరపూవు ఆకారంలో చెక్కిన రాళ్ళ మధ్యనుంచి పైకి చిమ్మే నీళ్ళు. నాకు ఇంటికి రాబుద్ధి కాలేదు. బయటికి వచ్చి, “నాన్నగారూ, మీరు రాకపోతిరి. మీకు ఆ ఇంటిమీద కోపమెందుకు?” అని అడిగాను.

నాన్నగారు చెప్పారు. 1947లో స్వాతంత్ర్యం రాబోయేముందు గాంధీగారు మౌంట్‌బాటెన్ దొరకు ఒక సలహా చెప్పారట. “దేశంలో ఇంత బీదతనం ఉండగా దేశాధిపతి ఇంత పెద్ద భవనంలో ఉండకూడదు. ఒక మామూలు ఇంట్లోకి మారితే బాగుంటుంది. ఈ భవనం ఆసుపత్రికి పనికివస్తుంది,” అన్నది ఆ సలహా సారాంశం. అది జరగలేదు.

“మీ చిన్న మేనత్త ఎలా పోయిందో తెలుసుగదా?” అన్నారు నాన్నగారు.

నాకు తెలుసు. నేను పుట్టకముందే పోయింది. పదహారేళ్ళ పిల్ల. జ్వరం ముదిరితే బందరు ఆసుపత్రికి ఎడ్లబండిలో పడుకోబెట్టి తీసుకువెళుతున్నారు. మా పల్లెనుంచి బందరు పది క్రోసులు. ఏడవ క్రోసు దగ్గర బండి ఆపవలసి వచ్చింది. ఆ రోజు బండి తోలింది మా నాన్నగారే.

ఆ తరువాత ఆయన ఇక ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కాని ఆ ఇంటిని గురించి ఎక్కడ ఏమి కనబడినా చదవటం నాకు అలవాటయింది. చదివినదాంట్లో కొంత మీకు చెప్తాను.

1911 డిసెంబరు 12న ఇంగ్లండు రాజు ఐదవ జార్జి ఢిల్లీలో పెద్ద దర్బారు చేసి, రాజధానిని కలకత్తానుంచి ఢిల్లీకి మారుస్తున్నట్లు ప్రకటించాడు. రాజధాని మారితే రాజప్రతినిధికి, అంటే వైస్రాయికి, ఇల్లు కావాలి. రైసీనా అనే గుట్టను ఎంచారు. ఆ చుట్టుపక్కల రైసీనా, మాల్చా అనే పల్లెలుండేవి. అక్కడి రైతులు ఇళ్ళూ పొలాలూ వదిలి పోవలసి వచ్చింది. అంటే 340 గదులు లేవకముందు ఎన్నో చిన్న చిన్న ఇళ్ళు పడిపోయినవన్నమాట.

ఇల్లు కట్టటానికి ఎడ్విన్ లుటియెన్స్ అనే పేరుమోసిన శిల్పిని నియమించారు. నాలుగేళ్ళలో పూర్తి అవుతుందనుకొన్నారు. మధ్యలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. పని 1929 దాకా, మొత్తం పదిహేడేళ్ళు సాగింది. 70 కోట్ల ఇటుకలు, 30 లక్షల ఘనపుటడుగుల రాయి పట్టాయి. ఉక్కు వాడింది బహు తక్కువ. లోపలి నడవలన్నీ కలిపి కొలిస్తే రెండున్నర కిలోమీటర్లు. మీరు రోజూ బడికి నడిచే దూరం అంత ఉంటుందేమో చూసుకోండి!

ఆ ఇంటి స్తంభాల సంగతి నాకు చాలా ఇష్టం. స్తంభాల తలలమీద చిన్న చిన్న గంటలు చెక్కించాడు లుటియెన్స్. రాతి గంటలు. గంటలు మోగితే రాజవంశం అంతరిస్తుందని ఒక నమ్మకం ఉండేదట. మోగే గంటలు పెడితే కదా ఆ భయం! రాతి గంటలయితే ఎన్నడూ మోగవు, ఇంగ్లీషువారి రాజ్యమూ ఎన్నడూ పోదు అన్నమాట. ఆ ఇంట్లో మొదట కాపురం పెట్టిన వైస్రాయి ఇర్విన్ ప్రభువు. ఆయన 1931 జనవరిలో గృహప్రవేశం చేశాడు. 1947 ఆగస్టులో వారి రాజ్యం పోయింది. పదహారేళ్ళు! గంటలు మాత్రం మోగలేదు.

వైస్రాయిల కాలంలో ఆ ఇంట్లో జరుగుబాటు ఎలా ఉండేదో చెప్పటానికి ఒక్క ముక్క చాలు. తోటపనికే 418 మంది మాలీలు ఉండేవారనీ, వారిలో 50 మంది కుర్రవాళ్ళనీ, ఆ కుర్రవాళ్ళ పనల్లా పిట్టలను తోలటమేననీ పుస్తకాలలో రాశారు. మీ ఈడువాళ్ళే కాబోలు. మన పల్లెల్లో కూడా పిల్లలు మంచెలెక్కి పిట్టలను తోలేవారు. కాని అది ఇంట్లోకి గింజలు రావటం కోసం. ఇక్కడ పూలచెట్లపై పిట్టలు వాలకుండా ఉండటం కోసం.

అటువంటి ఇంటికి ఇర్విన్ ప్రభువు కాపురం పెట్టిన కొద్దిరోజులకే, 1931 ఫిబ్రవరిలో, ఒక ఆయన కొల్లాయిగుడ్డ కట్టుకొని, శాలువ కప్పుకొని మెట్లెక్కి వచ్చారు. ఎవరో మీకు తెలుసు. అంతకు ముందు ఏడే ఆయన దండికి నడిచి వెళ్ళి ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించి జైలుకు పోయారు. అటువంటివాడు వైస్రాయితో సమానంగా కూర్చుని మాట్లాడటమేమిటని ఇంగ్లండులో చర్చిల్ దొర మండిపడ్డాడు. మాటలు ముగిసి, ఒప్పందం కుదిరాక, “ఇక టీ తాగుదాము,” అని ఇర్విన్ అంటే, గాంధీగారు తనకు నీళ్ళు, నిమ్మకాయ, చిటికెడు ఉప్పు చాలునన్నారని చెప్పుకొంటారు. ఆ ఉప్పు సంగతి విని వైస్రాయి నవ్వాడో లేదో!

1947లో దేశం రెండయినప్పుడు ఆ ఇంటి సామాను కూడా పంచుకోవలసి వచ్చింది. వైస్రాయి ఊరేగే నల్లని గుర్రపు బగ్గీ ఒకటి ఉండేది. దానికి బంగారు పూత నగిషీలు. ఒక్కటే బగ్గీ, ఇద్దరు వారసులు. చివరకు నాణెం ఎగరేశారట. బొమ్మో బొరుసో గాని, బగ్గీ మనకు వచ్చింది. 2024 గణతంత్ర దినోత్సవం నాడు రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ముగారు, అతిథిగా వచ్చిన ఫ్రాన్సు అధ్యక్షుడు ఆ బగ్గీలోనే వచ్చారు. నేను టెలివిజన్‌లో చూశాను. మా మనవరాలు బుజ్జి కూడా చూసింది. “తాతయ్యా, ఆ ఇంటికి మనం పోదాం,” అని అప్పుడే పట్టుకొన్నది.

అలాగ 2024 నవంబరులో నేను రెండవసారి వెళ్ళాను. ముందుగా పేరు రాయించుకొంటే ఇప్పుడు భవనం లోపల కూడా కొంత భాగం చూపిస్తారు.

బుజ్జికి తొమ్మిదేళ్ళు. వాళ్ళుండేది సికింద్రాబాదులో. అందుచేత అది బొలారంలోని రాష్ట్రపతి నిలయం ఎప్పుడో చూసేసింది. ఢిల్లీలో ఉండే రాష్ట్రపతి దక్షిణాదికి వచ్చి కొద్దిరోజులు ఉండే ఇల్లది. 1860 నాటి ఒంటి అంతస్తు కట్టడం. 1950లో నిజాం ప్రభుత్వంనుంచి మన ప్రభుత్వానికి వచ్చింది. చుట్టూ తొంభై ఎకరాల తోట ఉన్నా, ఇంట్లో గదులు పదకొండే. 2023నుంచి అదీ ప్రజలకు తెరిచారు. మీలో హైదరాబాదు దరిదాపుల్లో ఉన్నవాళ్ళు తప్పక చూడండి. వంటింటినుంచి భోజనాల గదికి భూమి కిందుగా ఒక సొరంగం ఉంది.

రైసీనా గుట్ట ఎక్కుతుంటే బుజ్జి ఒక వింత కనిపెట్టింది. “తాతయ్యా, ఇల్లు కిందికి దిగిపోతున్నది!” అన్నది. నిజమే. దూరంనుంచి భవనమంతా కనిపిస్తుంది. దగ్గరికి పోతున్నకొద్దీ ఎత్తుదారి అడ్డువచ్చి గోడలు, స్తంభాలు మాయమై ఒక్క గుమ్మటమే మిగులుతుంది. పైకి చేరాక మళ్ళీ అంతా బయటపడుతుంది. దారి వాలు సరిగా లెక్కవేయకపోవటంవల్ల వచ్చిన తిప్పలిది. దానిమీద లుటియెన్స్‌కూ, పక్కనున్న సచివాలయాలు కట్టిన హెర్బర్ట్ బేకర్‌కూ పెద్ద పోట్లాట జరిగి, పాత స్నేహితులు కాస్తా పగవాళ్ళయ్యారు. అంత రాజ్యాన్ని భయపెట్టాలని కట్టిన ఇల్లు సరిగ్గా దగ్గరికి వచ్చేసరికి దాక్కోవటం నాకు నవ్వు తెప్పించింది.

లోపల గుమ్మటం కింద గుండ్రని పెద్ద హాలు. పూర్వం దర్బారు హాలనేవారు. 2024 జులైనుంచి గణతంత్ర మండపం అంటున్నారు. వైస్రాయి సింహాసనం ఉండేచోట ఇప్పుడు రాష్ట్రపతి కుర్చీ, దాని వెనక ఒక పురాతన బుద్ధవిగ్రహం ఉన్నాయి. 1947 ఆగస్టు 15న నెహ్రూగారు, మంత్రులు ప్రమాణం చేసింది ఈ హాలులోనే. 1950 జనవరి 26న ఉదయం 10 గంటల 24 నిమిషాలకు రాజేంద్రప్రసాద్‌గారు మొదటి రాష్ట్రపతిగా ప్రమాణం చేసిందీ ఇక్కడే. వైస్రాయి భవనమనీ, తరువాత గవర్నమెంటు హౌసనీ పిలిచిన ఇల్లు అప్పటినుంచి రాష్ట్రపతి భవనమయింది.

భోజనశాలలో నూరుమందికి పైగా ఒకే బల్లకు కూర్చోవచ్చు. గోడలనిండా పాత రాష్ట్రపతుల చిత్రపటాలు. వాటి దగ్గర చిన్న దీపాలు అమర్చారు. నీలిదీపం వెలిగితే వడ్డించేవాళ్ళు సిద్ధంగా నిలబడాలి. ఆకుపచ్చ వెలిగితే వడ్డించాలి. ఎర్రది వెలిగితే పళ్ళేలు తీసెయ్యాలి. నోటితో ఒక్కమాట అనకుండా విందు జరిగిపోతుంది.

“తినటం కాకముందే ఎర్రదీపం వెలిగితే?” అని అడిగింది బుజ్జి. అన్నం దగ్గర అందరికంటె ఆఖరున లేచే పిల్ల అది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. మన పెళ్ళిబంతుల్లోలాగా, “ఇంకొంచెం వడ్డించండర్రా!” అని కేకవేసే పెద్దమనిషి లేని విందు నాకూ ఎందుకో విందులా తోచలేదు.

బయటికి వచ్చాక అది అసలు ప్రశ్నలు మొదలుపెట్టింది. “బొలారంలో పదకొండు గదులు సరిపోయినవాళ్ళకు ఇక్కడ 340 ఎందుకు? ఇంతకీ రాష్ట్రపతిగారు ఎక్కడ పడుకొంటారు?”

పిల్లలూ, ఈ ప్రశ్నకు జవాబు చాలా చక్కనిది. 1948 జూన్‌లో మౌంట్‌బాటెన్ వెళ్ళిపోగా చక్రవర్తి రాజగోపాలాచారిగారు గవర్నర్ జనరల్ అయ్యారు. ఆ పదవికి వచ్చిన భారతీయుడు ఆయన ఒక్కరే. ఆయన వైస్రాయిల పడకగదులు, కూర్చునే గదులు చూసి, ఇంత పెద్దవి నాకక్కరలేదన్నారు. ఒక పక్కన అతిథులకోసం కట్టిన చిన్న గదులు కొన్ని ఉంటే, వాటిలోకి మారిపోయారు. తిండికి కరువుగా ఉన్న రోజులవి. ఆవరణలో కొంత నేల దున్నించి గోధుమ వేయించారు. ఆయన తరువాత వచ్చిన రాష్ట్రపతులు కూడా ఆ చిన్నగదుల వైపునే కాపురముంటూ వస్తున్నారు. మరి వైస్రాయి గదులు? అవి పరదేశాలనుంచి వచ్చే అధ్యక్షులకు, రాజులకు విడిది! యజమాని గదులు అతిథికి, అతిథి గదులు యజమానికి. మన ఇళ్ళలో చుట్టాలు వస్తే మంచం వాళ్ళకిచ్చి మనం చాపమీద పడుకోమూ? అలాగే.

“మరి బియ్యం, పప్పులు ఎవరు కొంటారు?” అన్నది బుజ్జి. దాని తల్లి లెక్కలు చూసే ఉద్యోగం చేస్తుంది. ఆ పోలిక.

ఈ సంగతిలో నాకు నచ్చిన మనిషి అబ్దుల్ కలాంగారు. 2006 మే నెలలో రామేశ్వరంనుంచి ఆయన అన్నగారితో సహా యాభైమందికి పైగా బంధువులు వచ్చి కొద్దిరోజులున్నారు. ఇల్లు పెద్దదే, వంటవాళ్ళున్నారు, అడిగేవాళ్ళు లేరు. అయినా వాళ్ళు తిన్న తిండికి, ఉన్న గదులకు, తాగిన టీతో సహా లెక్క కట్టించి, సుమారు మూడున్నర లక్షల రూపాయలు కలాంగారు తన సొంత డబ్బులోనుంచి చెక్కు రాసి ఇచ్చారు. ఆయన దగ్గర కార్యదర్శిగా పనిచేసినాయన తరువాత ఈ సంగతి చెబితేగాని లోకానికి తెలియలేదు. రాజేంద్రప్రసాద్‌గారు కూడా నెలకు పదివేల జీతంలో మొదట సగమూ, తరువాత పావువంతూ మాత్రమే తీసుకొన్నారు. పన్నెండేళ్ళు ఆ ఇంట్లో ఉండి, 1962లో పదవి దిగి, పాట్నాలో తన పాత సదాఖత్ ఆశ్రమానికి వెళ్ళిపోయారు.

మన తెలుగువారిలో అనంతపురం జిల్లా ఇల్లూరు రైతుబిడ్డ నీలం సంజీవరెడ్డిగారు 1977లో రాష్ట్రపతి అయిన కొద్దిరోజులకే, ఈ భవనం వదిలి చిన్న ఇంట్లోకి మారుతాననీ, జీతంలో నూటికి డెబ్బైవంతులు తగ్గించుకొంటాననీ ప్రకటించారు. ఆ రోజు మా నాన్నగారు పేపరు చేత్తో పట్టుకొని వీధి అరుగుమీద కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించటం నాకు గుర్తుంది. ఆయనకు అప్పటికి చూపు తగ్గింది. అయినా ఆ ముక్క చూడకుండానే చదివారు. కాని ప్రకటించినంత తేలిక కాలేదు. రాష్ట్రపతులకు ఈ ఇల్లే ఇల్లుగా ఉండిపోయింది.

బుజ్జికి ఇదంతా చెప్పాను. అది కాసేపు ఆలోచించి, “మరి ముత్తాతగారు చెప్పినట్లు ఆసుపత్రి చేసి ఉంటే బాగుండేదా తాతయ్యా?” అన్నది.

పదేళ్ళప్పుడు నన్నడిగితే బాగుండేదని ఠక్కున చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత ఠక్కున చెప్పలేను. ఈ ఆవరణలో ఇప్పుడు వందల కుటుంబాలు కాపురముంటున్నాయి. వంటవాళ్ళు, మాలీలు, గుర్రాలను చూసేవాళ్ళు. వాళ్ళ పిల్లలకు అందులోనే బడి ఉంది. 2015లో ఉపాధ్యాయ దినోత్సవం సందర్భంగా రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీగారు ఆ బడికి వెళ్ళి పిల్లలకు చరిత్ర పాఠం చెప్పారు. ఒకప్పుడు పిట్టలు తోలిన కుర్రవాళ్ళ చోట ఇప్పుడు బడిపిల్లలున్నారు. ఒడిశాలో ఉపర్‌బేడా అనే సంతాల్ పల్లెలో పుట్టిన ముర్ముగారు 2022లో వైస్రాయి కుర్చీ ఉన్నచోట కూర్చున్నారు. ఇదంతా చూస్తే ఇల్లు మంచిదేననిపిస్తుంది. అంతలో బందరు దారిలో ఏడవ క్రోసు గుర్తుకు వస్తుంది. ఒక ఇల్లు ఆసుపత్రి అయినంతమాత్రాన ఆ బండి బందరు చేరేది కాదు, ఆ సంగతి నాన్నగారికీ తెలుసు. అయినా ఆయన లోపలికి వెళ్ళలేదు. వెళ్ళకపోవటం తప్పని నేను ఈనాటికీ అనలేను.

అదే బుజ్జితో చెప్పాను. అది విని, “ముత్తాతగారు కూర్చున్న చెట్టేది?” అన్నది.

అరవై ఏళ్ళయింది. ఆ దారులవెంట వేపచెట్లు, నేరేడుచెట్లు ఎన్నో ఉన్నాయి. మేము ఆనాడు ఏ గేటుగుండా వెళ్ళామో కూడా నాకు సరిగా గుర్తులేదు. తిరిగి తిరిగి, చివరకు బాగా మాను కట్టిన వేపచెట్టు ఒకటి చూపించి, “ఇదే కాబోలు,” అన్నాను. బుజ్జి సంచీలోంచి తువ్వాలు తీసి చెట్టుకింద పరిచింది. ఇద్దరం కూర్చుని, వాళ్ళమ్మ కట్టి ఇచ్చిన జంతికలు తిన్నాము.